లెన్సమ్మ తలుపు

ఉంగరం కదలలేదు.

లెన్సు ముందుభాగంలో గాజును పట్టి ఉంచే సన్నటి ఇత్తడి ఉంగరం అది. ఏ కాలం నాటిదో, మరల్లో పాత గ్రీజు గట్టిపడి రాయిలా బిగుసుకుపోయింది. ఆమె రెండు మొనల స్పానర్‌ను పక్కన పెట్టి, సూదిని అసిటోన్ సీసాలో ముంచి, దాని కొసన నిలిచిన చుక్కను ఉంగరం అంచు వెంట మెల్లగా నడిపించింది. తర్వాత లెన్సును టేబుల్ ల్యాంపు వెచ్చదనానికి దగ్గరగా జరిపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఈ పనిలో సగం కూర్చోవడమే. కంగారుపడి స్పానర్ తిప్పితే మొన జారుతుంది, గాజు మీద గీత పడుతుంది. గీత పడ్డాక దేవుడు దిగొచ్చినా చేసేదేం లేదు.

"ఇంకా ఊడలేదా?" గుమ్మం పక్కన పీట మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తున్న పిన్ని అడిగింది.

"ఊడుతుంది పిన్నీ. బతిమాలుతున్నాను."

"బెదిరించు. మీ బాబాయి బతిమాలితే ఏనాడూ కదల్లేదు."

పిన్నికి కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవి తనకు ఇష్టమైనవి మాత్రం వింటుంది. డెబ్భై దాటినా నోరు మాత్రం పదునుగానే ఉంది. ఆ వీధిలో ఈమెను 'లెన్సమ్మ' అని మొదట పిలిచింది కింద కుట్టు మిషన్ పెట్టుకున్న దర్జీ. పిన్నికి ఆ పేరు నచ్చి, పాల ప్యాకెట్లు వేసే మనిషి దగ్గర్నుంచి కరెంటు మీటరు చూసేవాడి దాకా అందరికీ అదే పేరు అలవాటు చేసింది.

లెన్సమ్మకు యాభై దాటాయి. సన్నటి మనిషి. వెంట్రుక రాలి గాజు మీద పడకుండా జుట్టును బిగించి రుమాలు కట్టుకుంటుంది. నూలు రేగని పొట్టి చేతుల చొక్కా వేసుకుంటుంది. గోళ్ళు మాంసం దాకా కత్తిరించి ఉంటాయి. వేళ్ళ కొసలు మందులకి తెల్లబారి పొలుసులు పొలుసులుగా ఉంటాయి. నుదుటి మీద భూతద్దాల పట్టీ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అది పెట్టుకునే వంట చేస్తుంది, అది పెట్టుకునే కూరలకి వెళ్తుంది, అందరూ తనకేసి ఎందుకు చూస్తున్నారో ఇంటికొచ్చాక అర్థమవుతుంది.

గది మేడ మీద, ఇంటి ఓనరమ్మ వాటా పక్కన ఉంది. బయటి నుంచి ఇనుప మెట్లు. కిటికీ పక్కన టేబులు, దాని మీద తెల్ల తువ్వాలు, తువ్వాలు మీద కోడిగుడ్ల అట్ట. లెన్సులోంచి ఒక్కొక్క భాగమూ ఊడదీసిన వరసలోనే ఆ అట్ట గుంటల్లో సర్దుతుంది. ఎడమ చివర మొదలై కుడి చివర ముగుస్తుంది. తిరిగి బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకు రావాలి. పిన్ని ఒకసారి ఆ అట్టను అడ్డం తిప్పి పెట్టినందుకు, ఇద్దరూ ఒక పూటంతా మాట్లాడుకోలేదు.

లెన్సు పని చేసే వాళ్ళెవరైనా తలుపులు బిడాయించుకుని కూర్చుంటారు. గాలిలో తేలే నూలుపోగు ఒక్కటి చాలు, చేసిన పనంతా మళ్ళీ చేసుకోవాలి. లెన్సమ్మ మాత్రం తలుపు బార్లా తెరిచి, అది దానంతటది పడకుండా ఇటుక ఆనించి, గుమ్మానికి తడి దుప్పటి కడుతుంది. దుమ్ము దుప్పటికి అంటుకుంటుంది. దుప్పటి ఆరిపోతే మళ్ళీ తడపాలి. ఎండాకాలమైతే రోజంతా తడుపుడే సరిపోతుంది. "తలుపేసుకుంటే పోయేదానికి ఇంత తంటా ఏమిటమ్మా?" అని ఇంటి ఓనరమ్మ మొదట్లో అడిగేది. తర్వాత్తర్వాత అడగడం మానేసింది.

ఆ మెట్ల మీద ఎవరు కాలు పెట్టినా ఆమెకు తెలిసిపోతుంది. దర్జీ అయితే రెండేసి మెట్లు ఎక్కుతాడు. ఓనరమ్మ మధ్యలో ఆగి ఆయాసం తీర్చుకుంటుంది. తెలియని అడుగు వినిపిస్తే మాత్రం ఆమె చేతులు ఆగిపోతాయి. తల పైకి లేస్తుంది. ఆ అడుగు ఓనరమ్మ గుమ్మం వైపు మళ్ళేదాకా ఊపిరి సగంలోనే ఉంటుంది. ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా ఆ అలవాటు పోలేదు.

స్పానర్ మొనలు గాట్లలో నిలిపి, మణికట్టు మాత్రం తిప్పింది. ఉంగరం చిన్నగా మూలిగి కదిలింది.

"కదిలింది," అంది.

"ఏం వదిలింది?"

"జిడ్డు."

ఆ మాట పిన్నికి సరిపోయింది.

లోపలి గాజును, పీల్చి పట్టే రబ్బరు మూతతో పైకి లాగి వెలుతురుకి పట్టింది. చలికాలం ఉదయం కిటికీ అద్దం మీద ఊదినట్టు పల్చటి మసక. పాత గ్రీజు ఆవిరై గాజు మీద పేరుకుంటే ఇలా అవుతుంది. సబ్బునీళ్ళలో కడిగి, మెత్తటి కాగితాన్ని స్పిరిట్‌లో తడిపి, నడిమధ్య నుంచి అంచుకు సుడి తిప్పినట్టు తుడిచింది. ఒకసారి, మరోసారి. టార్చి వేసి చూస్తే గాజు ఉన్నట్టే లేదు. ఈ పనిలో ఆమెకు నచ్చే క్షణం ఇదే. ఎన్నిసార్లు చూసినా, ఎవరో భుజం మీంచి బరువు దించినట్టు ఉంటుంది.

ఈ లెన్సులన్నీ పెద్దబజారులో ఉండే కెమెరా షాపాయన పంపేవి. మోకాళ్ళు సహకరించక ఆయన మెట్లెక్కడు. పెట్టెను కింద దర్జీ దగ్గర పెట్టి, పైకి ఒక కేక వేసి వెళ్ళిపోతాడు. పాత లెన్సుల మీద ఈ మధ్య కుర్రకారుకి మోజు పెరిగింది. తాతల పెట్టెల్లోంచి తీసుకొస్తారు. కొన్నిటికి బూజు, కొన్నిటికి మసక, కొన్నిటికి వెలుతురును పెంచి తగ్గించే లోపలి రేకులు నూనెకి అతుక్కుపోయి ఉంటాయి. పొద్దున వచ్చిన పెట్టెలో రెండే ఉన్నాయి. ఒకటి అయింది. రెండోది తీసింది.

అది బరువైన లెన్సు. నల్లరంగు అంచుల దగ్గర అరిగి లోపలి ఇత్తడి బయటపడింది. దాన్ని చేతిలోకి తీసుకోగానే బొటనవేలు దానంతటది ఒక చోటికి వెళ్ళి ఆగింది, ఆ చోటు తనకు ముందే తెలిసినట్టు. ఆమె దాన్ని పట్టించుకోలేదు. పాత లెన్సులన్నీ ఒక అమ్మ పిల్లల్లానే ఉంటాయి. వెనకభాగం మర తిప్పి వేరుచేసి, లోపల టార్చి వేసింది.

గొట్టం లోపలి గోడ మీద మూడు సూది చుక్కలు ఉన్నాయి. ముక్కోణంలా. ఎవరూ చూడని మూలలో.

టార్చి ఆర్పేసింది. మళ్ళీ వెలిగించింది. చుక్కలు అక్కడే ఉన్నాయి.

"పిన్నీ."

ఆ గొంతు పిన్ని ఎడమ చెవికి వెంటనే వినపడింది. బఠాణీల గిన్నె కింద పెట్టి లేచి వచ్చింది.

"ఈ చుక్కలు నేను పెట్టినవి," అంది లెన్సమ్మ. "ఇది ఆయనది."

ఆమె భర్త ఫొటోగ్రాఫర్. ఇస్త్రీ మడత నలగని చొక్కాలు, మెరిసే బూట్లు, మెత్తటి మాట. మాట తూలేవాడు కాదు, చెయ్యెత్తేవాడు కాదు. అందుకే ఎవరికీ చెప్పుకోవడానికి ఆమె దగ్గర ఏమీ ఉండేది కాదు. పెళ్ళిళ్ళకి ఫొటోలు తీయడానికి బయల్దేరేముందు, "నేనొచ్చేదాకా లోపల పని చూసుకో," అనేవాడు. ఆమె ఫొటోలు కడిగే డార్క్‌రూమ్‌లోకి వెళ్ళేది. అతను బయటినుంచి తాళం వేసేవాడు. తెల్లదీపం స్విచ్చి బయట ఉండేది. లోపల ఎర్రదీపం ఒక్కటే. ఎవరైనా వచ్చి అడిగితే, "ఆవిడ డార్క్‌రూమ్‌లో ఉంది," అనేవాడు. అందులో అబద్ధం ఏమీ లేదు. ఫొటోగ్రాఫరు భార్య డార్క్‌రూమ్‌లో కాక ఎక్కడుంటుంది? పనిమంతురాలని అందరూ మెచ్చుకునేవాళ్ళు కూడా.

మొదట్లో ఏడ్చింది. తర్వాత విసుగొచ్చింది. విసుగొచ్చాక అల్మరాలో ఏముందో చూసింది. లెన్సులు, చిన్న చిన్న స్క్రూడ్రైవర్లు, సీసాల్లో మందులు. ఎర్రటి వెలుగులో ఒక లెన్సును కంటికి ఎదురుగా పట్టుకుంటే లోపల పొగలా మసక కనిపించింది. ఆ పొగ దగ్గరికి ఎలా వెళ్ళాలో చూద్దామనుకుంది. వరస మరిచిపోతానన్న భయంతో, ఏ భాగం దేని మీద కూర్చోవాలో గుర్తుగా సూదితో చుక్కలు పెట్టుకుంది. తెరిచింది, తుడిచింది, మూసింది. ఎవరూ నేర్పింది కాదు. తప్పు చేస్తే ఏమవుతుందో తెలుసు కాబట్టి చేతులు వాటంతటవే నేర్చుకున్నాయి.

అతని ఫొటోలు తేటపడ్డాయి. పెళ్ళివాళ్ళు పొగిడారు. "నా చెయ్యి తిరిగింది," అని అతను అద్దం ముందు తల దువ్వుకుంటూ మురిసిపోయాడు. ఆమె స్నానాల గదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కడుపుబ్బా నవ్వుకుంది.

తలుపుకు తాళం బయట ఉన్నా, ఆ తాళం పెట్టెను తలుపుకు పట్టి ఉంచే మరలు లోపలి వైపు ఉన్నాయి. వాటి మీద తలుపుతో పాటే రంగు పూసేయడంతో చాలా కాలం ఆమె కంటికి ఆనలేదు. ఒకరోజు, ఇదే లెన్సు ఉంగరం మీద చుక్క చుక్కగా అసిటోన్ వేస్తూ యథాలాపంగా తలెత్తింది. తలుపు మీద నాలుగు చిన్న బొడిపెలు. చాలాసేపు వాటినే చూస్తూ కూర్చుంది. తర్వాత చేతిలో పని పూర్తి చేసి, లెన్సు బిగించి, తుడిచి, అల్మరాలో దాని చోట్లో పెట్టి, అప్పుడు లేచింది. మరల మీద రంగు కరగడానికి ఎంతో సేపు పట్టలేదు. తాళం పెట్టె ఊడి ఆమె అరచేతిలోకి వచ్చింది. దాన్ని చప్పుడు కాకుండా నేల మీద పెట్టింది.

చెప్పులు వెతుక్కోలేదు. వీధి మలుపులో కూరగాయల సంచితో ఎదురుగా వదిన వస్తోంది. భర్తకు అక్క, రెండిళ్ళ అవతల ఉండేది. ఇద్దరి చూపులూ కలిశాయి. వదిన చూపు ఆమె ఉత్త పాదాల మీదికి దిగింది. మరుక్షణం వదిన సంచి కింద పెట్టి, వంగి, పడిపోయినదేదో ఏరుకుంటున్నట్టు వెనక్కి తిరిగింది. ఆమె పక్కనుంచి నడిచి బస్సెక్కి, ఆయన ఎన్నడూ చూడని ఈ దూరపు పిన్ని దగ్గరికి వచ్చేసింది. ఆ వదిన ఇంటికెళ్ళి ఏం చెప్పిందో, ఏనాటికైనా ఎవరు ఈ మెట్లెక్కి వస్తారో అన్న ఆలోచనతోనే ఇన్నేళ్ళూ గడిచాయి.

ఆమె కెమెరా షాపాయనకి ఫోన్ చేసింది.

"ఆ ఇత్తడి బయటపడ్డ లెన్సు ఎవరిచ్చారండీ?"

"ఒక పెద్దావిడమ్మా. పొద్దున నేను షాపు తీసేసరికే వచ్చి నిలబడి ఉంది. ఏం, బాగవదా?"

"అవుతుంది. ఇంకేమైనా అన్నారా?"

"మీ గురించి గుచ్చి గుచ్చి అడిగింది. ఎక్కడుంటారు, ఎలా ఉంటారని. సాయంత్రం తనే వచ్చి తీసుకుంటానంటే అడ్రసిచ్చాను. ఇవ్వకూడదా?"

"పర్లేదండీ," అని ఫోన్ పెట్టేసింది.

పిన్ని ఆమె మొహం చూసి విషయం గ్రహించింది. "పద, నాలుగు రోజులు ఎక్కడికైనా పోయొద్దాం."

"ఎక్కడికి పిన్నీ?"

"ఎక్కడికో. సినిమాకైనా."

లెన్సమ్మకు నవ్వొచ్చింది. వెళ్ళడానికి సంచి సర్దడం ఎంతసేపు? కాని టేబులు ఇక్కడుంది. కిటికీలోంచి పడే ఈ వెలుతురు ఇక్కడుంది. అప్పుడు ఉత్త కాళ్ళతో వచ్చేసింది కాబట్టి వదులుకోవడానికి ఏమీ లేదు. ఇప్పుడు ఉంది.

"నేను కదలను పిన్నీ. వచ్చేవాళ్ళని రానీ."

"నేనూ ఇక్కడే ఉంటా," అని పిన్ని పీటను గుమ్మానికి అడ్డంగా జరుపుకుని, ఒక చేతిలో గరిటె పట్టుకుని కూర్చుంది. కాసేపటికి ఆ గరిటె ఒళ్ళో పెట్టుకునే నిద్రపోయింది.

మధ్యాహ్నం భోజనం ఎవరికీ గుర్తు రాలేదు. ఊరికే కూర్చుంటే భయం ఎక్కువయ్యేలా ఉంది. ఆమె లెన్సు పని మొదలుపెట్టింది.

లోపలి గాజు నిండా బూజు పట్టి ఉంది. అంచు దగ్గర పుట్టి, ఎండిన వేళ్ళలాగా కొమ్మలు కొమ్మలుగా మధ్యకు పాకింది. ఆమె వచ్చేశాక దాన్ని ఎవరూ తెరవలేదు. అతను ఈ బూజులోంచే ఫొటోలు తీస్తూ పోయాడన్న మాట. చెయ్యి తిరిగిందనుకున్నవాడి ఫొటోలు మళ్ళీ మసకబారి ఉంటాయి. ఎందుకో అతనికి అర్థమై ఉండదు.

టేబులు మీద బ్లేడు ఉంది. ఒక్క గీత గీస్తే చాలు. చిన్నది, నడిమధ్యలో. పాతదేలే అనుకుంటారు. ఆమె బ్లేడు వైపు చూసింది. తర్వాత గాజు వైపు చూసింది. ఆ గదిలో తనతో పాటు బందీగా ఉన్నది ఇదే. తనకు పని నేర్పిందీ ఇదే. బ్లేడును డబ్బాలో వేసి మూత పెట్టింది.

బూజు మందు చుక్కలు వేసి ఆగింది. తుడిచింది. మళ్ళీ వేసింది. కొమ్మలు ఒక్కొక్కటే విడిపోయాయి. టార్చి వెలుగులో ఒకచోట పల్చటి మచ్చ మిగిలింది, బూజు పైపూతను తినేసిన చోటు. అది పోదు. ఫొటోలో కనపడదు కూడా. తెలిసినవాళ్ళు చూస్తేనే తెలుస్తుంది.

ఎండ తగ్గి దుప్పటి తడి ఆరుతున్న వేళకి, మెట్ల మీద అడుగు పడింది.

కొత్త అడుగు. ఒక మెట్టు మీద రెండు పాదాలూ ఆనాక గాని ఇంకో మెట్టు ఎక్కని నడక. కమ్మీ పట్టుకున్న చేతికి ఉంగరమో గాజో తగిలి టింగుమంటోంది. ఆమె చేతులు ఆగిపోయాయి. వెనక ఇంకో అడుగు ఉందేమోనని చెవులు రిక్కించింది. రెండో అడుగు వినపడలేదు. అయినా నమ్మకం కుదరలేదు.

"లెన్సులు బాగుచేసేది ఇక్కడేనా..." దుప్పటి అవతల మాట సగంలో ఆగింది. పిన్ని ఉలిక్కిపడి లేచింది. గరిటె కింద పడింది.

ముడతలు పడ్డ చెయ్యి దుప్పటిని పక్కకి తీసింది. జుట్టంతా నెరిసింది, కళ్ళజోడు వచ్చింది, మనిషి సగానికి సగం కుదించుకుపోయింది. కాని నిలబడితే ఒక పక్కకి ఒరిగే ఆ తీరు మారలేదు.

లెన్సమ్మ వదిన భుజం మీంచి మెట్ల వైపు చూసింది.

"ఎవరూ లేరు," అంది వదిన. "నేనొక్కదాన్నే."

"రండి వదినా. కూర్చోండి."

వదిన కుర్చీలో కూర్చుని ఆయాసం తీర్చుకుంది. తెరిచి ఉన్న తలుపునూ, దానికి ఆనించిన ఇటుకనూ చాలాసేపు చూసింది.

"దుమ్ము పడదూ?"

"పడుతుంది."

"అయినా వేసుకోవు."

"వేసుకోను."

వదిన టేబులు మీది లెన్సు భాగాలను చూసి, "పాడైపోయిందా?" అంది.

"లేదు. శుభ్రం చేశాను. బిగించాలి. కాసేపు పడుతుంది."

"నాకేం తొందర లేదమ్మాయ్."

ఆమె బిగించడం మొదలుపెట్టింది. కుడి నుంచి ఎడమకి. ఒక్కొక్క గాజూ దాని చోట్లో కూర్చుంటోంది. వదిన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఆ వేళ్ళ కదలికలనే చూస్తోంది. అడగాల్సిన మాట లెన్సమ్మ నాలుక చివర దాకా వచ్చి వెనక్కి పోతోంది. ఆఖరి ఉంగరం చేతిలోకి తీసుకున్నాక, దానికేసే చూస్తూ అడిగింది.

"మీరిక్కడికి వచ్చినట్టు ఆయనకి తెలుసా?"

"తెలియడానికి వాడు లేడమ్మాయ్. పోయాడు."

ఆమె తలెత్తింది.

"నెల దాటింది. పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. పాలవాడు తలుపు కొట్టి కొట్టి, నాకు కబురు చేశాడు." వదిన గొంతు సవరించుకుంది. "నీకు చెప్పేవాళ్ళు ఎవరున్నారు? చెప్పకపోతే నువ్వెలా తెలుసుకుంటావు? అందుకే వచ్చాను."

లెన్సమ్మ ఉంగరాన్ని జారవిడవలేదు. అట్టలో దాని గుంటలో పెట్టింది. తర్వాత నుదుటి మీది భూతద్దాల పట్టీ తీసి పక్కన పెట్టింది. అది లేకపోతే మొహం చాలా చిన్నదిగా కనిపించింది.

"ఏమంటోంది?" పిన్ని అడిగింది.

"పోయాడట పిన్నీ."

"ఎవరు? గ్యాసతనా?"

"కాదు. ఆయన."

"హమ్మయ్య," అంది పిన్ని గట్టిగా. చెవిటివాళ్ళకి తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. ఆ మాట గది నిండా వినపడి, కింద దర్జీ మిషన్ కూడా ఒకసారి ఆగినట్టనిపించింది. పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏమనుకోకండి. మీ తమ్ముడు..."

"నేనూ అదే అనుకున్నానమ్మా," అంది వదిన. "తోడబుట్టినవాడే. చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఏడ్చాక మాత్రం ఆ మాటే వచ్చింది నోట్లోంచి." కళ్ళు ఒత్తుకుంది. "ఎవరితోనూ అనలేకపోయాను. ఇక్కడైతే అనొచ్చుగా."

లెన్సమ్మ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తనూ ఒక గ్లాసు తాగింది. నీళ్ళు గొంతు దిగి, గుండెల మీదుగా, ఎక్కడెక్కడికో దిగుతున్నట్టు తెలిసింది. ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు. సంతోషమా అంటే అదీ కాదు. ఎన్నో ఏళ్ళు బిగబట్టి పట్టుకున్న సంచిని ఎవరో అందుకుంటే, వేళ్ళు ఇంకా వంకర పోయే ఉంటాయి చూడండి, అలా ఉంది.

"ఆ రోజు మలుపులో మీరు నన్ను చూశారు," అంది.

"చూశాను. చెప్పుల్లేకుండా నడుస్తున్నావు."

"ఆయన మిమ్మల్ని అడగలేదా?"

"అడక్కుండా ఉంటాడా? రైలు స్టేషను వైపు వెళ్ళిందన్నాను. బస్సు వైపు పోతున్నావని తెలుసు. ఉత్త కాళ్ళతో ఎవరూ ఊరికే పోరుగా." వదిన చిన్నగా నవ్వింది. "ఎన్నాళ్ళో ఆ స్టేషన్లో బెంచీ మీద కూర్చునేవాడు. టీ కొట్టువాడికి చుట్టమైపోయాడు. తాళం పెట్టె ఊడిన ఆ తలుపు నేను తర్వాత చూశాను. అప్పటిదాకా నువ్వు పని మీద లోపలుంటావనే అనుకున్నానమ్మాయ్. ఆ తలుపు చూశాక, ఇంకెవరు అడిగినా స్టేషనే అన్నాను."

ఇన్నేళ్ళూ లెన్సమ్మ ఎవరి నోటికి భయపడిందో, ఆ నోరే తనను కాపాడిందన్న మాట. ఆ మనిషి చేతిని పట్టుకోవాలనిపించింది. వేళ్ళకు మందు అంటి ఉందని గుర్తొచ్చి, చొక్కాకు తుడుచుకుని, పట్టుకుంది.

"నన్నెలా కనుక్కున్నారు?"

"స్టూడియో ఖాళీ చేస్తున్నాం. ఇదేమైనా పనికొస్తుందేమోనని నిన్న షాపాయనకి చూపించాను. ఇలాంటివి బాగుచేసేది ఒక్కావిడేనన్నాడు. బంగారం లాంటి పని, కాని ఒక్కటే పిచ్చి, ఎంత దుమ్మున్నా తలుపు మాత్రం వేసుకోదన్నాడు." వదిన ఆగింది. "రాత్రంతా ఆ మాటే తిరిగింది బుర్రలో. తెల్లారగానే లెన్సు పట్టుకుని మళ్ళీ వెళ్ళాను."

అప్పుడు లెన్సమ్మకి ఆకలేసింది. ఉన్నట్టుండి, చిన్నపిల్లలకి వేసినట్టు, నిలబడలేనంత ఆకలి.

"పిన్నీ, ఏమైనా తిందామా?"

"పొద్దున్నుంచి నేను అడుగుతూనే ఉన్నా," అంది పిన్ని, ఒక్కసారి కూడా అడగకపోయినా.

బఠాణీలు ఉప్పేసి ఉడికించారు. రొట్టె కాల్చి, టీ పెట్టారు. టేబులు మీద చోటు లేక ముగ్గురూ నేల మీద చాప వేసుకుని తిన్నారు. పిన్ని తన భర్త గురించి చెప్పి వదినను నవ్వించింది. లెన్సమ్మ రెండోసారి వడ్డించుకుంది, మూడోసారి గిన్నె గోకింది. ఆ ఇంట్లో అతను ఏం తినేవాడో, చివరి రోజుల్లో ఎలా ఉన్నాడో వదిన చెప్పబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయింది. తెలుసుకోవాలని లెన్సమ్మకు లేదు. తెలుసుకోకూడదనీ లేదు. మరోరోజు చూసుకోవచ్చు.

తిన్నాక ఆఖరి ఉంగరం బిగించి, పైన పట్టుబట్టతో ఒకసారి తుడిచి లెన్సు అందించింది. వదిన దాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకుని చూసింది. వీధి తలకిందులుగా, గోరంత చిన్నదిగా, అందులో వేలాడుతోంది.

"ఎంత తేటగా ఉందో. నువ్వే ఉంచుకోరాదూ?"

"నాకొద్దు వదినా. ఎవరికైనా పనికొచ్చేలా ఇవ్వండి."

"మా మనవరాలికి ఫొటోల పిచ్చి. దానికిస్తాను."

"ఇవ్వండి. తడి తగిలే చోట పెట్టొద్దని చెప్పండి."

వదిన లెన్సును సంచిలో పెట్టుకుని లేచింది. గుమ్మం దగ్గర దుప్పటి పట్టుకుని ఆగింది.

"మళ్ళీ రావచ్చా అమ్మాయ్?"

"రండి. మెట్లు నెమ్మదిగా దిగండి. మూడో మెట్టు ఊగుతుంది."

ఒక్కొక్క మెట్టు మీదా రెండు పాదాలూ ఆనుతూ, కమ్మీ మీద టింగుమంటూ, ఆ అడుగులు దిగి వీధిలో కలిసిపోయాయి.

పిన్ని గిన్నెలు కడిగి వచ్చి, ఆరిపోయిన దుప్పటిని చూసి, "ఇప్పుడైనా తలుపేస్తావా?" అంది.

"గాలి రానీ పిన్నీ, బావుంది."

దుప్పటి విప్పి మడతపెట్టింది. రేపు తడుపుకోవచ్చు. ఇవాళ్టికి పని అయిపోయింది. టేబులు తుడుస్తుంటే మెట్లు చప్పుడయ్యాయి. ఎవరో గబగబా ఎక్కి, ఓనరమ్మ గుమ్మంలో ఏదో ఇచ్చి, గబగబా దిగి వెళ్ళిపోయారు. ఆ అడుగులు పూర్తిగా దూరమయ్యాక గాని, తను తల ఎత్తలేదన్న సంగతి ఆమెకు తోచలేదు. చేతిలో బట్ట తుడుస్తూనే ఉంది.

అప్పుడు కిటికీ గట్టు మీద కళ్ళజోడు కనిపించింది. లెన్సులోంచి చూసేటప్పుడు వదిన తీసి పెట్టి ఉంటుంది. అద్దాల నిండా వేలిముద్రలు, అంచుల్లో ఏనాటిదో మురికి. ఒక కాలి మర ఊడిపోతే దారం చుట్టి పెట్టుకుంది. ఇందులోంచి ఆ మెట్లన్నీ ఎలా ఎక్కి వచ్చిందో. లెన్సమ్మ దారం విప్పి, డబ్బాలోంచి సరిపోయే మర వెతికి బిగించింది. సబ్బునీళ్ళలో కడిగి, నడిమధ్య నుంచి అంచుకు తుడిచి, తువ్వాలు మీద ఆరబెట్టి, దీపం వెలిగించడానికి లోపలికి వెళ్ళింది.

కిటికీలోంచి పడే చివరి వెలుతురులో ఆ కళ్ళజోడు, ఒక కాలు ముడుచుకుని, ఒక కాలు చాచుకుని, తెల్ల తువ్వాలు మీద వెల్లకిలా పడుకుని ఉంది.